తొమ్మిది సాళ్ళ దూరం

బొంబాయి పక్షుల సంఘం వాళ్ళు కాదన్నందుకు మా ఆయన బాధపడలేదు. ఆ ఉత్తరాన్ని స్టాఫ్ రూములో లెక్కల మేష్టారు పైకి చదివి నవ్వినందుకు బాధపడ్డారు. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అంటారు చూడండి, అదీ సంగతి.

ఉత్తరం ఇంగ్లీషులో నాలుగే వాక్యాలు. గుంటూరు జిల్లాలో బట్టమేక ఉన్నట్టు ఈ మధ్య కాలంలో తమకు దాఖలా లేదట. మా ఆయన పంపిన ఫోటోలో పత్తి చేను బాగానే కనబడిందట, చేను చివర చుక్క కూడా కనబడిందట. ఆ చుక్క ఆడ నెమలి అయి ఉండవచ్చట. స్పష్టమైన ఫోటో ఏదైనా ఉంటే పంపమన్నారు.

"ఆడ నెమలా! నాకు ఆడ నెమలికీ బట్టమేకకీ తేడా తెలీదా?" అని ఆ రోజు మా ఆయన అన్నం ముందు కూర్చుని పదిసార్లు అన్నారు. నేను పదిసార్లూ "తెలుసండీ" అన్నాను. కూర మాత్రం చల్లారిపోయింది.

ఆయన పేరు జక్రయ్య. వినుకొండకు ఆరు మైళ్ళలో మా ఊళ్ళో మిషన్ హైస్కూలు ఉంది, అందులో డ్రాయింగ్ మేష్టారు. నేను రెబ్కాని, అదే ఆవరణలో చిన్నపిల్లలకు రెండో తరగతి చెబుతాను. అప్పటికి పదేళ్ళ కిందట మిషన్ ఆస్పత్రి డాక్టరుగారొకాయన ఉద్యోగం మానేసి వెళ్ళిపోతూ తన రష్యా కెమెరాని, దాంతోపాటు జానెడు పొడుగున్న లెన్సునీ మా ఆయన చేతిలో పెట్టి పోయాడు. అప్పట్నుంచీ ఆదివారం గుడి అయిందంటే ఆయన మనిషి దొరకరు. చెరువుగట్ల మీద, కొండ వెనక, జొన్నచేలల్లో పిట్టల వెంట తిరగడమే. ఊళ్ళో పిల్లలు 'పిట్టల మేష్టారు' అనేవాళ్ళు. పెద్దవాళ్ళు కూడా అనేవాళ్ళు, కాకపోతే ఆయన వినకుండా. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం అని పేరు పడిపోయాక, నిజంగానే ఒక వింత చూశానంటే ఎవరు నమ్ముతారు?

నిజానికి బట్టమేకను ముందు చూసింది ఆయన కాదు, మా అమ్మ.

మా అమ్మ ఎలీసమ్మ యలమందయ్యగారి చేలో పత్తి తీతకు పోయేది. పెళ్ళయిన దగ్గర్నుంచీ కూలిపనే. నాన్న పోయాక నా దగ్గరికొచ్చి ఉంటోంది గానీ, కూతురి ఇంట్లో ఊరికే కూర్చుని తినే మనిషి కాదు. ఎనభై నాలుగో సంవత్సరం నవంబరులో, మొదటి తీత నడుస్తున్నప్పుడు, ఒకరోజు సాయంత్రం వంటింట్లోంచి నాతో మామూలుగా చెప్పినట్టు చెప్పింది.

"ఏమే రెబ్కా, యలమందయ్య చేను పక్కన బీట్లో బట్టమేక గుడ్డు పెట్టిందే. ఒకటే గుడ్డు. మా చిన్నప్పుడు మందలు మందలు తిరిగేయి. మళ్ళీ ఇన్నాళ్ళకు చూశా."

ముందు గదిలో మా ఆయన చేతిలో ముద్ద కంచంలో పడిపోయింది. పేరులో మేక ఉన్నా అది పిట్టే. నిలబడితే మనిషి నడుం దాటి వస్తుంది. దేశంలోనే కొన్ని వందలు మిగిలాయని ఆయన పుస్తకాల్లో చదివి ఉన్నారు. "ఎక్కడ? ఏ వైపు? ఎంత ఎత్తుంది?" అని నన్నడిగారు. నేను అమ్మనడిగాను. అమ్మ నాకు చెప్పింది. నేను ఆయనకు చెప్పాను.

ఈ తిరుగుడు ఎందుకంటే, మా వాళ్ళలో అత్త అల్లుడితో ఎదురుపడి మాట్లాడదు. యేసుప్రభువును నమ్ముకున్నాక మా తాతల కాలంలోనే చాలా ఆచారాలు వదిలేశారు, ఇదొక్కటీ మాత్రం వదల్లేదు. అప్పటికి నా పెళ్ళయి పన్నెండేళ్ళు. ఆ పన్నెండేళ్ళూ వాళ్ళిద్దరి మధ్య నేనే టెలిఫోను తీగని.

మర్నాడే ఆయన తెల్లచొక్కా తెల్లపంచెతో చేను గట్టు మీద ప్రత్యక్షమయ్యారు. పిట్ట రెండు ఫర్లాంగుల దూరం నుంచే చూసి లేచిపోయింది. తర్వాత ఎవరో ఎద్దుల బండికి బెదరదని చెబితే, బండి కట్టించుకుని డొంకలో పోయారు. బండికి నిజంగానే బెదరలేదు, కానీ నిండు చేలోకి బండి తోలనిచ్చే ఆసామి ఎవడు? డొంకలోంచి తీసిన ఫోటోలో బట్టమేక ఆవగింజంత వచ్చింది. ఆత్రంలో దాన్నే బొంబాయి పంపారు. వచ్చిన జవాబు మొదట్లోనే చెప్పాను.

ఆ జవాబుతో ఆయనకు పట్టుదల పెరిగింది. పోనీ ఒప్పుకుందాం, పిచ్చి పెరిగింది. కూలీలు అంత దగ్గర్లో పత్తి తీస్తున్నా పిట్ట కదలడం లేదని అమ్మ నాతో అన్నది విని, తాను కూడా కూలీలాగా పోతానన్నారు. పత్తి తీత మా వైపు ఆడవాళ్ళ పని. ఆ వరసలో మగవాడు కనిపిస్తే పిట్ట సంగతేమో గాని మనుషులే బెదురుతారు. అందుకని నా ఆకుపచ్చ వాయిలు చీర కట్టుకున్నారు. ఆరడుగుల మనిషి, చీర మోకాళ్ళ కిందికి రాలేదు. తలమీద కొంగు వేసుకుని, ఒడి కట్టుకుని, అందులో కెమెరా పెట్టుకుని వరసలో నిలబడ్డారు.

నేను పక్క సాలులోనే ఉన్నాను. ఆయన పరువు కాపాడటానికి సెలవు పెట్టి మరీ పోయాను. పావుగంట బాగానే గడిచింది. ఇంతలో తోటి కూలి అంకమ్మ ఆయన మొహంలోకి తొంగి చూసి, "ఒసే, ఈ కొత్త కూలిదానికి మీసాలున్నయ్యేందే!" అంది. ఇరవై మంది ఆడవాళ్ళు ఒక్కసారిగా నడుములెత్తి నవ్వారు. బట్టమేక లేచింది. దాని రెక్కల చప్పుడు చాప దులిపినట్టు వినబడింది. అది గాలిలో పోతుంటే మా ఆయన కొంగు జారిపోయి, మీసాలతో సహా అలాగే నిలబడిపోయారు. నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

ఆ సాయంత్రం అమ్మ తలుపు వెనక నిలబడి, ఆయనకు వినబడేట్టు నాతో అంది.

"ఇంకొక్కసారి లేపితే అది గుడ్డు వదిలేసి పోద్దే. ఆయన్ని ఇంక రావొద్దను. ఆ డబ్బా నాకియ్యమను."

"నీకెందుకమ్మా?"

"ఫోటో నేను తీస్తా. అది నన్ను చూసి లేవదు. పదిహేను రోజుల్నుంచి దాని పక్కన పత్తి తీస్తన్నా, ఒక్కనాడు మెడ తిప్పి చూళ్ళా. ఆసామే చూడడు మమ్మల్ని, పిట్టేం చూస్తది."

మా ఆయన మొహం అప్పుడు చూడాలి. పదేళ్ళుగా ఆ కెమెరాని నన్ను కూడా ముట్టుకోనివ్వని మనిషి. దుమ్ము తుడవడానికి కూడా ఆయన పాత బనీను ముక్కే కావాలి. అలాంటిది బడి మొహం చూడకుండా, గుళ్ళో బైబిలు కోసం పెద్దయ్యాక అక్షరాలు కూడబలుక్కున్న అత్తగారి చేతికి ఇవ్వాలి. బయటికి వెళ్ళి వేపచెట్టు కింద చాలాసేపు కూర్చున్నారు. వచ్చి, "ఆవిడ చెప్పింది నిజం. ఒక్కటే అవకాశం ఉంది. అది నాది కాదు," అన్నారు.

పాఠం మర్నాడు మొదలైంది. ముందు గదిలో అల్లుడు, వంటింట్లో అత్త, గడప మీద నేను. కెమెరా నా చేతుల మీదుగా అటూ ఇటూ తిరిగింది.

"పిట్ట ఎన్ని మీటర్ల దూరంలో ఉందో కంటితో అంచనా వేసి, లెన్సు మీద చక్రం అక్కడికి తిప్పమను."

"మీటరంటే నాకేం తెలుసే? సాళ్ళయితే చెప్తానను. సాళ్ళ లెక్కలో నేను తప్పు పోను."

నేను అటు తిరిగి చెప్పబోయేసరికి ఆయన లేచి నిలబడి ఉన్నారు. టేపు తీసుకుని అప్పటికప్పుడు యలమందయ్యగారి చేలోకి పోయారు. అచ్చు తోలి వేసిన చేను అది, నిలువూ అడ్డమూ గీత గీసినట్టుంటుంది. సాలుకీ సాలుకీ మధ్య సరిగ్గా మూడడుగులు, ఎక్కడా బెత్తెడు తేడా లేదు. ఇంటికొచ్చి లెన్సు చక్రం చుట్టూ తెల్లకాగితం అంటించి, మీటర్ల గుర్తులు మూసేసి, ఐదు సాళ్ళ నుంచి పదిహేను సాళ్ళ దాకా అంకెలు వేశారు. ప్రతి అంకెనూ గోడ దగ్గర కొలిచి సరిచూశారు. మా ఆయన డ్రాయింగులు చాలా చూశాను గానీ, ఆ కాగితం ముక్క కంటే గొప్పది ఇంకోటి వేయలేదు.

రెండు రోజులు అమ్మ రీలు లేకుండా మా కోళ్ళ మీద సాధన చేసింది. బటను నొక్కితే ఆ కెమెరా టపీమని మోగేది, మా పుంజు ఎగిరి గోడెక్కేది. దానికి మందు అమ్మే కనిపెట్టింది. ఒడిలో గుప్పెళ్ళు గుప్పెళ్ళు దూది కూరి, కెమెరా చుట్టూ కప్పి, కన్ను పెట్టే చోటా లెన్సు ముందూ మాత్రం వదిలింది. మూడో రోజుకి పుంజు ఆవిడ ఎదుటే గింజలు తింటూ ఉండిపోయింది.

శనివారం నాకు బడి లేదు, నేనూ వరసలో చేరాను. మా ఆయన ఊళ్ళోనే ఉండిపోయారు. ఉండిపోవడమంటే, గుడి మెట్ల మీద కూర్చుని చేను వైపు చూస్తూ ఉండటం. అమ్మ ఆడవాళ్ళందరికీ ముందే గట్టిగా చెప్పింది. "మాట్టాడుకోండి, రోజూ మాట్టాడుకున్నట్టే. చెయ్యి మాత్రం ఆపొద్దు. ఒక్కళ్ళు నిలబడి అటు చూశారా, సాయంత్రం నా నోట పడతారు." అమ్మ నోట పడాలని ఆ ఊళ్ళో ఎవరికీ లేదు.

ఆ ఏడు వానలు సరిగా లేక మొక్కలు నడుం దాకా కూడా ఎదగలేదు, మధ్య మధ్య చచ్చి సందులు పడ్డాయి. గుడ్డు బీట్లో ఉంది, ఆఖరి సాలుకి బారెడు దూరంలో. ఆ బారెడుకి రెండు సాళ్ళు లెక్కేసుకుని, నడుమ ఏడు సాళ్ళు వదిలి తన సాలు పట్టింది అమ్మ. మొత్తం తొమ్మిది. పొద్దున చల్లగా ఉన్నంతసేపూ పిట్ట గుడ్డు మీద కూర్చునే ఉంటుందని, ఎండెక్కాక గుడ్డుకి నీడ పట్టడానికి లేచి నిలబడుతుందని అమ్మకు తెలుసు. అందుకని తొందరపడలేదు. రెండు చేతులా పత్తి తీసుకుంటూ, అంకమ్మ మనవరాలి పురుటి కబుర్లు అడుగుతూ, పది దాటే వేళకు మొక్కలు చచ్చిన సందు దగ్గరికి చేరింది.

బట్టమేక లేచింది. ఎగరలేదు, నిలబడింది అంతే. నేను తలెత్తకుండా కంటి చివరి నుంచి చూశాను. తెల్లటి పొడుగాటి మెడ, నెత్తిన నల్లటి టోపీ, మట్టిరంగు వీపు. నేనూ ఆ చేలల్లోనే పెరిగాను, అంత ఠీవిగా నిలబడ్డ ప్రాణిని మాత్రం ఎప్పుడూ చూడలేదు.

అమ్మ కుడిచెయ్యి పత్తి తీస్తూనే ఉంది. ఎడమచెయ్యి ఒడిలోకి పోయింది. వంగిన నడుం వంగినట్టే ఉంచి, ఒడిని ముఖం దాకా ఎత్తింది. టప్, దూదిలో అణిగిన చిన్న చప్పుడు. పిట్ట మెడ నిటారు చేసింది. నేనైతే ఆ క్షణంలో కొయ్యబారిపోయేదాన్ని, పనంతా పాడయ్యేది. అమ్మ ఒడి దించి నాలుగు కాయల పత్తి తీసింది. "అయితే మగపిల్లోడేనా అంకమ్మా?" అంది. పిట్ట మెడ మళ్ళీ సర్దుకుంది. నాలుగు కాయలు, ఒక ఫోటో. నాలుగు కాయలు, ఒక ఫోటో. అలా పదకొండు తీసి, సాలు వెంట ముందుకు సాగిపోయింది.

ఇంటికొచ్చాక మా ఆయన కెమెరా చూసి, "పదకొండేనా! ముప్పై ఆరు ఉన్నాయి కదా రెబ్కా, ఎందుకు ఆపేసిందో అడుగు," అన్నారు.

తలుపు వెనక నుంచి జవాబొచ్చింది. "గుడ్డు మీద ఉన్న తల్లిని ఎన్నిసార్లని సతాయిస్తామే? చాలు. వచ్చుంటే వచ్చుంటది."

వినుకొండలో పీరు స్టూడియో చీకటి గదిలో ఆయనే రీలు కడిగారు. రెండింట్లో అమ్మ బొటనవేలు వచ్చింది. మూడింట్లో దూది. రెండు చెదిరిపోయాయి. ఒకటి నల్లగా పోయింది. మిగిలిన మూడింట్లో పిట్ట ఉంది. వాటిల్లో ఒకటి చూసి పీరు, "మేష్టారూ, ఇది మీరు తీశారా?" అన్నాడట. ముందు ఇటూ అటూ మసక దూది, మధ్యలో బట్టమేక, కాళ్ళ దగ్గర గుడ్డు, కంట్లో మెరుపు కూడా స్పష్టంగా ఉంది. వెనక వినుకొండ కొండ. ఆ కొండ ఒంపు చూసిన వాడెవడూ ఇది ఇంకో జిల్లా అనలేడు.

బొంబాయి పంపడానికి ఫోటో వెనక తేదీ, స్థలం, తీసినవారి పేరు రాయాలి. తేదీ రాశారు. స్థలం రాశారు. తర్వాత కలం పట్టుకుని కూర్చున్నారు. నేను పిల్లల పలకలు దిద్దుతున్నట్టు నటిస్తూ ఆయన్నే చూస్తున్నాను. కెమెరా ఆయనది. రీలు ఆయనది. లెక్క కట్టి అంకెలు వేసింది ఆయన. పదేళ్ళు నవ్వులపాలైందీ ఆయనే. జక్రయ్య అని రాసుకుంటే కాదనే వాళ్ళు లేరు. అమ్మ అసలు అడగనే అడగదు. లెక్కల మేష్టారి మొహం మీద ఆ పేరు పెట్టి కొట్టాలని నాకే ఉంది.

ఆయన రాసి, సిరా ఆరేదాకా ఊది, నా చేతికిచ్చారు. ఫోటో తీసినవారు: శ్రీమతి కాకుమాను ఎలీసమ్మ. వృత్తి: పత్తి తీత. అదంతా కింద ఇంగ్లీషులో మళ్ళీ రాశారు. పెళ్ళినాడు నా మొగుడు అందగాడని గర్వపడ్డాను, అది పిల్లతనం. అసలైన గర్వం ఆ రోజు పడ్డాను.

క్రిస్మస్‌కు ముందే గుడ్డు పిల్ల అయింది. రెండో తీతలో ఆడవాళ్ళు ఆ వైపు నాలుగు సాళ్ళు ముట్టుకోకుండా వదిలేశారు. యలమందయ్యగారు సణిగితే అంకమ్మే కసురుకుంది. తల్లీపిల్లా ఒకరోజు కోత అయిన కొర్రచేను కొయ్యకాళ్ళలో నడుచుకుంటూ తూర్పుగా వెళ్ళిపోయాయి.

ఫిబ్రవరిలో బొంబాయి నుంచి ఆయనకు జవాబు వచ్చింది. తాము పొరబడ్డామని, క్షమించమని రాశారు. గుంటూరు జిల్లాలో బట్టమేక గుడ్డు పెట్టిందని ఆ ఫోటో ఆధారంగా తమ దాఖలాల్లో చేర్చుకున్నారట. అంత దగ్గర నుంచి, పిట్టను బెదరనీయకుండా తీసిన ఫోటో తమ సంఘంలో ఎవరి దగ్గరా లేదట. ఫోటో తీసిన ఆవిడకు ప్రశంసాపత్రం వేరుగా రిజిస్టరు పోస్టులో వస్తుందట. మా ఆయన దాన్ని స్టాఫ్ రూముకి పట్టుకెళ్ళి, లెక్కల మేష్టారి చేతిలో పెట్టి, "పైకి చదవండి," అన్నారట. ఆయన చదివాడట, చివరిదాకా.

మూడో రోజు పోస్ట్‌మాన్ మొహిద్దీన్ బాషా మా గుమ్మంలో సైకిలు ఆపాడు. "రిజిస్టరు ఉందమ్మా. మీకివ్వకూడదు, ఆవిడే సంతకం పెట్టాలి," అన్నాడు. అమ్మ మిరపకాయ కోతలో ఉంది. నేను దారి చూపిస్తూ వెంట పోయాను.

చేనంతా ఎర్రగా మండుతోంది, ఘాటుకి బాషా రెండుసార్లు తుమ్మాడు. గట్టు మీద నిలబడి, కవరు మీదున్నది ఉన్నట్టు గట్టిగా చదివాడు.

"శ్రీమతి కాకుమాను ఎలీసమ్మగారూ!"

వరసలో ఎవరూ పలకలేదు. ఆడవాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. చెట్టు నీడలో కూర్చున్న యలమందయ్యగారు, "అంత పెద్ద పేరుగల వాళ్ళు ఇక్కడెవరూ లేరయ్యా, మా కూలోళ్ళు వీళ్ళు," అన్నారు. అమ్మ కూడా వంగి కాయలు కోస్తూనే ఉంది, ఎవరో పెద్దావిడ కోసం వచ్చాడనుకుంటూ.

"అమ్మా, నిన్నే," అన్నాను.

అమ్మ మెల్లిగా నడుం ఎత్తింది. గట్టు మీదికొచ్చింది. ఒళ్ళో కాయలు కుప్ప పోసి, చేతులు కొంగుకి తుడుచుకుంది. బాషా వేలిముద్ర డబ్బా తీశాడు.

"అదొద్దు. కలం ఇయ్యి."

గట్టు మీద కూర్చుని, కాగితం మోకాలి మీద పెట్టుకుని, 'కా' రాసింది. ఊపిరి పీల్చుకుని 'కు' రాసింది. ఆడవాళ్ళంతా చేతులాపి చుట్టూ మూగారు. ఈసారి ఆపొద్దని ఎవరూ అనలేదు. "ఇంటిపేరు ఒక్కక్షరం చాలు పెద్దమ్మా," అన్నాడు బాషా. అమ్మ వినిపించుకోలేదు.

యలమందయ్యగారు నీడలోంచి లేచి వచ్చారు. "ఎంతసేపు ఎలీసమ్మా అది? పొద్దు పోతంది, కోత ఆగిపోయింది!"

అమ్మ తలెత్తలేదు.

"ఇప్పటికి ఇంటిపేరే అయింది బాబూ. ఉండండి, నా పేరు రాయాల."